బెంచి వెనక మా స్కేటింగ్ కోచ్

మా స్కేటింగ్ కోచ్ ఇక లేరన్న కబురు విశాఖపట్నం నుంచి వచ్చేసరికి మేమంతా మంచు మీదే ఉన్నాం. బయట మస్కట్ ఎండ మాడ్చేస్తోంది. లోపల మా ఐస్ హాకీ జట్టు కొత్త సీజన్ ప్రాక్టీసు మొదలైంది. బడి సెలవులకని ఊరెళ్లిన ఆమె గుండెపోటుతో పోయారని వాళ్ల చెల్లెలు నాకు ఫోన్ చేసి చెప్పారు. నేను హెడ్ కోచ్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. ఆయన ఈల వేసి అందర్నీ మధ్యకు పిలిచారు. చెప్పమన్నట్టు నా వైపు చూశారు. నేనే చెప్పాల్సి వచ్చింది.

 మా ఒమానీ కెప్టెన్ కర్రతో మంచును కొట్టడం మొదలుపెట్టాడు. హాకీలో చప్పట్లు అలాగే కొడతారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అందుకున్నారు. ఆ చప్పుడుకి పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మౌనం పాటించాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడమే మంచిదైంది. ఆమెకు మౌనం అస్సలు పడదు.

ఒమన్‌లో ఐస్ హాకీ ఏమిటని మీరు నవ్వొచ్చు. నిజామాబాద్ దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. నేను ఈ దేశానికి ఏసీ మెకానిక్‌గా వచ్చాను. మొదట రేవు ఊరు దుక్మ్‌లో క్యాంపు, తర్వాత మస్కట్‌లో ఈ ఐస్ రింక్. మంచును మంచుగా ఉంచే యంత్రాల దగ్గర నా డ్యూటీ. కొన్నాళ్లకు ఒక వ్యాపారి జట్టు పెట్టి, ఆటగాళ్లకు జీతాలిచ్చి, బయటి దేశాల నుంచి కూడా కొందర్ని రప్పించారు. ఆయన్ని మేమంతా అర్బాబ్ అంటాం, అంటే యజమాని. కోచింగ్ స్టాఫ్ అంటే ముగ్గురమే. కెనడా నుంచి వచ్చిన హెడ్ కోచ్, స్కేటింగ్ నేర్పే ఆమె, స్కేట్ల బ్లేడ్లకు పదును పెడుతూ, విరిగిన కర్రలు మారుస్తూ, ఆట జరుగుతున్నప్పుడు బెంచి తలుపు తీసి మూసే నేను. అందరికీ ఆమె మేడమ్. నాకు అక్క.

ఆమెను మొదటిసారి చూసింది జట్టు పుట్టకముందే. మస్కట్‌లోనే ఘుబ్రాలో ఒక ఇండియన్ స్కూల్లో ఆమె ఆటల టీచరు. పిల్లల్ని బస్సులో రింక్‌కు తీసుకొచ్చారు. వయసులో ఉన్నప్పుడు విశాఖలో చక్రాల బూట్ల మీద హాకీ ఆడిన మనిషి. అదే ధైర్యంతో, నలభై దాటిన వయసులో, జీవితంలో మొదటిసారి మంచు మీద కాలు పెట్టారు. పెట్టీ పెట్టగానే పిల్లలందరి ముందు దబ్బున వెల్లకిలా పడ్డారు. నేను గోడ పక్కన మంచు గీకుతున్నాను. రబ్బరు బూట్లతోనే పరిగెత్తాను.

"అక్కా, దెబ్బ తాకిందా?" అన్నాను, కంగారులో తెలుగులోనే.

ఆమె పడుకునే నవ్వుతున్నారు. "తెలుగోడివా నాన్నా! ఉండు, లేపకు. ఎలాగ పడ్డానో ఓసారి చూసుకోనీ" అన్నారు. నిజంగానే కాళ్లు ఎటు జారాయో, మోచెయ్యి ఎక్కడ ఆనిందో చూసుకుని, అప్పుడు లేచారు. లేచి, "ఏటిది! చక్రాలైతే ఆగమంటే ఆగుతాయి. ఇది మాట వినదే!" అని మళ్లీ వెళ్లారు. మళ్లీ పడ్డారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవారు. ఏడాది తిరిగేసరికి వెనక్కి వెళ్తూ, ఒంటి కాలి మీద మలుపు తిరుగుతూ, ఆ వేగంలోనే పిల్లలకు పాఠం చెప్పేవారు.

జట్టు మొదలైనప్పుడు హెడ్ కోచ్ అది చూశారు. తన ఆటగాళ్లు కర్ర ఆడించడంలో గట్టివాళ్లే గానీ మలుపుల దగ్గర బండల్లా ఉన్నారని ఆయన బాధ. "ఆ పిల్లలకు చెప్పేదే మావాళ్లకూ చెబుతారా?" అని అడిగారు. ఆమె ఎంత గట్టిగా సరేనన్నారంటే ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

మొదటి రోజు ఆరడుగుల మగవాళ్లందర్నీ వరసగా నిలబెట్టి, "ముందు మీకు పడటం నేర్పుతాను. మిగతావి తర్వాత" అని ఇంగ్లీషులో చెప్పారు. చెక్ దేశం నుంచి వచ్చిన మా పెద్ద ఫార్వర్డ్‌కు ఒళ్లు మండింది. జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేది అతనే.

"నువ్వు ఐస్ హాకీ ఎప్పుడైనా ఆడావా?" అన్నాడు.

"లేదు. అయినా ఎడమకు తిరిగేటప్పుడు నువ్వు భయపడుతున్నావని నాకు తెలుస్తోంది" అన్నారామె.

అతను రెండు వారాలు ఆమె వైపు చూడలేదు. తర్వాత ఒక సాయంత్రం, అందరూ వెళ్లాక, చిన్నపిల్లాడిలా వచ్చి తన ఎడమ మోకాలి పాత గాయం గురించి చెప్పాడు. అక్కడి నుంచి వాళ్లిద్దరి అల్లరి భరించలేకపోయేవాళ్లం.

ఆమె ఎరుపు రంగు మంకీ క్యాప్ పెట్టుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని వచ్చేవారు. ఫ్లాస్కులో అల్లం టీ ఉండేది. మలుపు బాగా కుదిరితే అరచేత్తో గోడను దబదబా బాదేవారు. "మంచుని తొక్కకు నాన్నా, వెనక్కి తోసీ!" అని అరిచేవారు. ఆవేశంలో తెలుగు తన్నుకొచ్చేది. అందర్నీ నాన్నా అని పిలవడంతో, అది హాకీలో ఏదో మాట అనుకుని గోల్ కాసే ఫిన్లాండ్ గోలీ కూడా మిగతావాళ్లను నాన్నా అని పిలవడం మొదలుపెట్టాడు. మ్యాచ్‌లో అవతలి జట్టువాడు అందంగా తిరిగినా ఆమె గోడ బాదేవారు. హెడ్ కోచ్ తల పట్టుకునేవారు. "బాగుంటే బాగుందనకూడదేటి?" అని ఆమె నాతో అనేవారు.

నన్నూ వదల్లేదు. "మంచు తయారుచేసేవాడివి, దాని మీద నిలబడ్డం రాకపోతే ఎలాగ?" అన్నారు.

"అక్కా, నాకు గివన్నీ రావు. నడుం ఇరిగితే కంపెనీ ఇంటికి పంపిస్తది" అన్నాను.

"పడ్డం నేర్పేకే కదా నిలబెడతాను!" అన్నారు. నేర్పారు కూడా. ముప్పై ఏళ్లు దాటాక గాలి చెవుల్లో ఈల వేస్తుంటే మంచు మీద దూసుకుపోవడం ఎంత సంబరమో నాకు ఆమె వల్లే తెలిసింది.

ఇక ఆ ఫైనల్ సంగతి. దుబాయ్ నుంచి వచ్చిన జట్టుతో, మా రింక్‌లోనే. పొడుగు చొక్కాల్లాంటి దిష్‌దాషాల మీద జాకెట్లు తొడుక్కున్న ఒమానీ కుటుంబాలు, ఫిలిప్పీన్స్ నర్సులు, ఆమె స్కూలు పిల్లలు, మా రూమ్ వాళ్లందరూ. మా రూమ్ వాళ్లకు ఆట తెలియదు గానీ ఈలలు వేయడం బాగా తెలుసు. మూడు పీరియడ్ల ఆటలో రెండో పీరియడ్ చివర మా చెక్ ఫార్వర్డ్‌ను అవతలి డిఫెండర్ వెనక నుంచి గోడకేసి గుద్దాడు. రిఫరీ ఈల వేయలేదు. హెడ్ కోచ్ కోపం పట్టలేక నీళ్ల సీసా మంచు మీదికి విసిరి, అనకూడని మాట అన్నారు. రిఫరీ ఆయన్ని బయటికి పంపేశారు. అంత పెద్ద మ్యాచ్‌లో మా బెంచి వెనక మిగిలింది అక్క, నేను.

ఫార్వర్డ్ తనంతట తానే లేచి వచ్చి కూర్చున్నాడు. బాగానే ఉన్నానన్నాడు. కాసేపటికి, "ఇది ఏ పీరియడ్?" అని నన్ను అడిగాడు. చెప్పాను. నీళ్లు తాగి మళ్లీ అదే అడిగాడు. అక్క విన్నారు. అతని ముందు వంగి, కళ్లలోకి చూసి, వేలు అటూ ఇటూ కదిపి చూశారు. తర్వాత అతని హెల్మెట్ తీసి నా చేతికిచ్చారు.

"తమ్ముడూ, ఇది దాచీయ్. అడిగినా ఇవ్వకు."

హెల్మెట్ లేకుండా ఎవరూ దిగడానికి లేదు. దాచడానికి చోటెక్కడుంది? దాన్ని నా పనిముట్ల పెట్టె మీద పెట్టి నేను దాని మీద కూర్చున్నాను.

మూడో పీరియడ్ మొదలైంది. మేము ఒక గోల్ వెనకబడి ఉన్నాం. అర్బాబ్ మెట్లు దిగి బెంచి వెనకకు వచ్చారు. చెడ్డమనిషి కాదు. కానీ ఆ కప్పు కోసం ఎంత ఖర్చుపెట్టారో ఆయనకే తెలుసు.

"మేడమ్, అతన్ని మళ్లీ ఆటలోకి దించండి" అన్నారు హిందీలో.

"దించను."

"అతనే ఆడతానంటున్నాడు కదా!"

"ఇది ఏ పీరియడో అతనికి తెలియదు. తలకు తగిలింది. మళ్లీ తగిలితే ఏమవుతుందో మీరు చెబుతారా?"

"ఈ జట్టు నాది, మేడమ్."

"జట్టు మీదే. ఈ రోజు బెంచి నాది. నన్ను కూడా బయటికి పంపండి, వెళ్తాను. వెళ్లేదాకా అతను మాత్రం దిగడు."

ఆయన నా వైపు తిరిగి చెయ్యి చాపారు. "హెల్మెట్ ఇవ్వు." నా వీసా ఆయన కంపెనీ మీదుంది.  "సార్, మేడమ్ ఇయ్యొద్దన్నరు" అన్నాను, తెలుగో హిందీయో నాకే తెలియని భాషలో. కూర్చున్నచోటి నుంచి మాత్రం లేవలేదు. ఆయన మమ్మల్నిద్దర్నీ చూసి, వెళ్లి మెట్ల మీద నిలబడ్డారు.

ఆ తర్వాత అక్క జోరు చూడాలి! గోడ బాదుతూ, క్యాప్ ఊడిపోయి, జుట్టు ముఖం మీద పడి, "తోసీ నాన్నా, తోసీ!" అని అరుస్తూనే ఉన్నారు. మావాళ్లు అంత వేగంగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. చివరి నిమిషంలోకి వచ్చాం. అలాంటప్పుడు గోలీని కూడా వెనక్కి పిలిచి, ఖాళీ గోల్ వదిలేసి, అతని బదులు ఇంకో ఆటగాడిని దించొచ్చు. తప్పితే పరువు పోతుంది. అక్క రెండు వేళ్లు నోట్లో పెట్టి, రింక్ అంతా మోగేలా ఈల వేశారు. ఫిన్లాండ్ గోలీ బెంచి వైపు పరుగెత్తుకొచ్చాడు. నేను తలుపు తీశాను. పక్క నుంచి ఇంకొకడు గోడ మీద నుంచి దూకాడు. మూలలో ముగ్గురు మనుషుల కాళ్ల మధ్య నుంచి పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల, మా కెప్టెన్‌కు దొరికింది. ఆమె ఏడాదంతా అరిచి నేర్పిన ఆ ఎడమ మలుపు తిరిగాడు. కొట్టాడు. గోల్!

మా రూమ్ వాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. అక్క నన్ను కౌగిలించుకుని గంతులేశారు. హెల్మెట్ కింద పడి దొర్లిపోయింది.

స్కోరు సమమైనా అదనపు ఆటలో ఓడిపోయాం. నిజం చెప్పాలి కదా. అవతలివాళ్లు మంచి గోల్ కొట్టారు. ఆమె దానికీ గోడ బాదారు. మావాళ్లు తలలు దించుకుని వస్తుంటే, "ఏం ఆడేర్రా నాన్నా! ఏం ఆడేరు!" అని ఒక్కొక్కరి వీపు చరిచారు.

ఫార్వర్డ్‌ను ఆ సాయంత్రమే ఆమె ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెదడు పైన సన్నగా రక్తం కారుతోందని డాక్టర్లు చెప్పారు. ఇంకో దెబ్బ తగిలి ఉంటే చేయగలిగింది ఉండేది కాదన్నారు. ఆపరేషన్ లేకుండానే తగ్గింది. ఆరోగ్యంగా తన దేశానికి తిరిగి వెళ్లాడు. అర్బాబ్ ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన చాలాసేపు కూర్చుని, లేచేటప్పుడు ఆమెతో "షుక్రన్, మేడమ్" అని అరబీలో థాంక్స్ చెప్పారు. తర్వాతి సీజన్ జట్టు ఫోటోకు ఆమెను చెయ్యి పట్టి మధ్యలో నిలబెట్టింది ఆయనే.

ఆమె పోయారని చెక్ ఫార్వర్డ్‌కు నేనే ఫోన్ చేశాను. "నాకిప్పుడు ఒక కూతురుంది" అన్నాడు. "నిలబడటం నేర్చుకుంటోంది. పడితే వెంటనే లేపను." ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

అక్క వాళ్లాయన పోయిన వారం ఘుబ్రాలో ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చారు. ఆమె స్కేట్లు తీసుకెళ్లడానికి రింక్‌కు వచ్చారు. ఇన్నేళ్లుగా ఆమెను దింపి, పార్కింగ్‌లో కారులోనే కూర్చునే మనిషి. రింక్ గోడ అవతల నిలబడి చాలాసేపు లోపలికి చూశారు.

"చలంటే పడదని ఒక్కసారీ రాలేదండి. పిలిచి పిలిచి ఊరుకుంది" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఒక్కసారి నిలబడొచ్చేటి?" అని అడిగారు.

ఆయన సైజు స్కేట్లు వెతికి తొడిగాను. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి కెప్టెన్ పట్టుకున్నాం. ఆయన మోకాళ్లు గడగడలాడాయి. గోడ నుంచి మధ్య దాకా మెల్లగా తీసుకెళ్లాం. ప్రాక్టీసుకు వచ్చిన ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు.

మధ్యకు వచ్చాక ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నారు. ముఖం ఎర్రబడింది. నవ్వుతున్నారు.

"చేతులు వదిలీండి" అన్నారు.

వదిలేశాం. అరవై ఏళ్ల మనిషి, రెండు చేతులూ బార్లా చాపుకుని, ఒక్కడే, నెమ్మదిగా ముందుకు జారుతూ వెళ్లారు.