పెరట్లో రైలు పట్టాలు పీకిన నాడు

ఆ ఏటి వానలకు కట్ట మళ్లీ కొట్టుకుపోయింది. ఎన్నోసారో గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. పొద్దున్నే గంపెడు ఎర్రమట్టి ఎత్తుకొని పెరట్లోకి పోయి, వంగి పోయబోతే నడుము పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. గంప జారిపోయింది. బాయి గట్టు పట్టుకొని మెల్లగా ఆ బురదలోనే కూలబడి, ఇంక నాతో కాదు అనుకున్నాను. మనసులో అనుకోవడం కొత్త కాదు, నాలుగైదేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. పైకి అనడానికే నోరు రాలేదు.

కట్ట అంటే రైలు కట్ట. నిజం రైలుది కాదు. నల్గొండకు ఆ రోజుల్లో రైలే లేదు, రైలు ముఖం చూడాలంటే భువనగిరికో హైదరాబాద్‌కో పోవాలి. ఇది మా ఇంటి గడప దగ్గర మొదలై పెరటి గోడ దాకా నేను వేసిన బొమ్మ రైలు కట్ట. వెడల్పు జానెడు. తుమ్మ చెక్కలు కోసి అడ్డంగా పరిచి, పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలను వాటి మీద నిలబెట్టి, అటూ ఇటూ మేకులు కొట్టి వంచాను. అవే పట్టాలు. ఇంజను కిరసనాయిలు డబ్బా రేకుతో చేసింది. దాని కడుపులో పాత గ్రామఫోను యంత్రం ఉండేది. చక్రాలు కంచరి దగ్గర పోయించిన ఇత్తడివి. కీ ఇచ్చి వదిలితే గడప నుంచి బయలుదేరి, గిన్నెలు తోమే జాలారు పక్కగా పోయి, బాయిని చుట్టి, సీతాఫలం చెట్టు కింద నుంచి గోడ దగ్గరికి చేరేది. వెనక డబ్బాలు కూడా ఉండేవి, చిన్నవి, పైన మూతలు లేనివి.

ఇదంతా ఎందుకు వేశానంటే నా భార్య కోసం. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. బజారులో దుకాణం. చోటు చాలక సగం గడియారాలు ఇంట్లోనే గోడలకు వేలాడేవి. ఆమెది మహబూబ్‌నగర్ దగ్గర ఒక చిన్న స్టేషన్. వాళ్ల బాపు రైల్వేలో పట్టాలు కాచే గ్యాంగులో పనిచేసేవాడు. ఉండేది కట్ట పక్కన రైల్వే క్వార్టరులో. పొద్దుటి ప్యాసింజర్ పోతే ఎసరు పెట్టాలి, గూడ్సు బండి పోతే బట్టలు ఆరేయాలి, సాయంత్రం బండి కూత వింటే దీపం వెలిగించాలి. పుట్టినప్పటి నుంచి ఆమెకు పొద్దు తెలిసింది అట్లాగే. మా ఇంటికి వచ్చాక ఏ పని ఎప్పుడు చేయాలో అర్థం కాలేదు. మా గోడ మీద ఒక గడియారం పది కొడితే పక్కది నాలుగు కొట్టేది. అన్నీ రోగాలతో వచ్చినవే కదా. అన్నం ఒకనాడు ఎండ ఎక్కకముందే అయ్యేది, ఒకనాడు నేను దుకాణం తెరిచే పొద్దు దాటిపోయినా అయ్యేది కాదు. మా అమ్మ సణిగేది. నేను కూడా ఒకటి రెండుసార్లు గట్టిగానే అరిచాను.

ఒకనాడు ఆమె నా మొహం మీదే అడిగింది. "ఈ ఇంట్ల గిన్ని గడియారాలున్నయి. ఒక్కటన్న నిజం చెప్తదా?"

నాకు ఒళ్లు మండింది. గడియారాల పని చేసేవాణ్ణి ఆ మాట అంటే మండదా? కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. తీరా చూస్తే ఆమె నవ్వడం లేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆ వారమే పత్తి మిల్లుకు పోయి తెగిపోయిన ఇనుప పట్టీలు అడిగి తెచ్చుకున్నాను.

రైలు నడిచిన మొదటి నాడు ఆమె దాని పక్కన గోడ దాకా నడిచిపోయి, తిప్పి పెట్టి, మళ్లీ గడప దాకా నడిచి వచ్చి, పొయ్యి అంటించింది. ఆనాటి నుంచి బండి రోజూ ఒకే వేళకు కదిలేది, దాన్ని చూసి మా ఇంట్లో అన్నం కూడా వేళకే అయ్యేది. మిరపకాయలు ఎండబోసే జాగా పోయిందని మా అమ్మ చాలాకాలం నన్ను తిట్టింది. రైలుకు అడ్డంగా కోళ్లు పండుకుంటే మాత్రం కట్టె పట్టుకొని తోలేది తనే. అంగడి నాడు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు గడియారం వంకతో మా ఇంటికి వచ్చి పెరట్లోకి తొంగిచూసేవాళ్లు. రైలు ఎన్నడూ చూడనివాళ్లే ఎక్కువ. ఒక ముసలామె ఇంజనుకు దండం పెట్టింది. దసరాకు నా భార్య ఎట్లాగూ బొట్టు పెట్టేది. నాకు గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అప్పటికి అది ఆట. ఆట కాకుండా పోయింది వాళ్ల బాపు చనిపోయినప్పుడు.

కబురు అంది, దేవరకొండ మీదుగా కల్వకుర్తిలో బస్సు మారి, మేము పోయేసరికి అంతా అయిపోయింది. తల్లి ముందే లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. దినాలయ్యే లోపలే క్వార్టరు ఖాళీ చేయమన్నారు. తప్పు వాళ్లది కూడా కాదు, కొత్తగా పనిలోకి వచ్చినవాడు భార్యాపిల్లలతో బయట ట్రంకు పెట్టె మీద కూర్చొని ఉన్నాడు. సామాన్లు కట్టుకొని వచ్చేశాం. ఎవరికైనా పుట్టిల్లు అంటే పాడుబడినా గోడలన్నా మిగులుతాయి, పక్కింటివాళ్లన్నా రమ్మంటారు. ఈమెకు అదీ లేదు. నల్గొండకు వచ్చాక చాలా రోజులు గడిచాయి. తర్వాత ఒక పొద్దున పెరటి గోడ దగ్గర, మా రైలు ఆగే చోట, మట్టి పిసికి మూరెడంత క్వార్టరు కట్టడం మొదలుపెట్టింది. రెండు గదులు, ముందర అరుగు. సున్నం పూసింది. అరుగుకు ఎర్రటి జాజు రాసింది. ఇక రోజూ బండి పక్కన నడిచి అక్కడికి పోయి, కాసేపు కూర్చొని వచ్చేది.

నేను చూసి ఊరుకున్నాను. లోపల మాత్రం భయం పట్టుకుంది. నేను వినోదానికి వేసిన పట్టాలు ఇప్పుడు ఆమె పుట్టింటి దారి అయ్యాయి. అది చెడిపోతే ఆమెకు పోవడానికి ఎక్కడా చోటు ఉండదు. చెడిపోకుండా చూడవలసినవాణ్ణి నేను.

చూశాను. సాగర్ డ్యాము పనులకు కూలీలతో నిండిన బస్సులు మా బజారులో దుమ్ము లేపుకుంటూ పోయిన ఏళ్లన్నీ నేను పెరట్లో మట్టి మోస్తూనే ఉన్నాను. వానాకాలం కట్ట కొట్టుకుపోయేది. ఎండాకాలం చెదలు చెక్కలను తినేవి. చలికాలం పందికొక్కులు కట్ట కింద బొరియలు చేసేవి. పట్టీలకు తుప్పు. మా అమ్మ పోయింది, ఆ కోళ్లను తోలే పని కూడా నా మీదే పడింది. తర్వాత నా భార్యకు ఆయాసం పట్టుకుంది. దవాఖానకు తిరిగాం, మందులు మింగింది, గోడ దాకా నడవడం మాత్రం ఆగిపోయింది. గడప మీద కూర్చొని బండి పోయేది చూసేది. దాని పక్కన నడిచి తిప్పి తెచ్చే పని నాకు వచ్చింది. నేను కూర్చుంటే లేవలేని మనిషినయ్యాను, కళ్లకు మసక. దుకాణంలో రోజంతా మెడ వంచి ఇంటికి వస్తే, ఇంట్లో నడుము వంచాలి. కాళ్లు కడుక్కోకముందే అడిగేది, ఇవాళ బండి ఎప్పుడు పోయి వస్తది అని.

విసుగు వచ్చింది. ఉన్నమాట చెప్తున్నాను, ఆ ఇంజనును బాయిలో పారేద్దామన్నంత కోపం వచ్చిన రోజులున్నాయి. చూడవచ్చేవాళ్లు కూడా లేరు. ఇండ్లల్లోకి రేడియోలు వచ్చాయి, గ్రామఫోను స్ప్రింగులు దొరకకుండా పోయాయి. ఉన్న స్ప్రింగు విరిగితే అతికించాను. మళ్లీ విరిగింది. ఇక బండిని చేత్తో తోసుకుంటూ, వంగి, గడప నుంచి గోడకు, గోడ నుంచి గడపకు. తల ప్రాణం తోకకు వచ్చేది. అయినా ఆ మాట అనలేకపోయాను. ఎట్లా అంటాను? నీ పుట్టింటిని ఇక మోయలేను అని ఏ నోటితో చెప్పాలి?

ఆ బురదలో కూర్చున్న పొద్దున చెప్పేశాను. ఆమె గడప మీద నుంచి చూస్తూనే ఉంది. లేవడానికి బాయి గట్టు పట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాను. "ఇగ నాతోని కాదే. తీసేద్దాం."

ఆమె లేచి పోయి నాకు వేడినీళ్లు కాచి పెట్టింది. ఆ రోజంతా మాట్లాడలేదు, మరునాడూ మాట్లాడలేదు. నేను దుకాణంలో ఒకే గడియారాన్ని విప్పి బిగించి, విప్పి బిగించి కూర్చున్నాను. అనకుండా ఉండాల్సింది అని ఒకసారి, ఎప్పుడో అనాల్సింది అని ఒకసారి. ఆ తర్వాతి రోజు అన్నం పెడుతూ, తియ్యి మరి, అన్నది. అంతే.

వాన వెలిసిన రోజు చూసుకొని పట్టకారు పట్టుకున్నాను. నాకు తోచిన మేరకు ఒక ఆలోచన చేశాను. బండిని తోసుకుపోయి ఆమె క్వార్టరు ముందర నిలబెట్టాను. గడప దగ్గర మొదలుపెట్టి పీకుకుంటూ పోదాం, ఆమె ఊరు మాత్రం ఆఖరు దాకా ఉండనీ, బండి కూడా అక్కడే ఉండనీ అనుకున్నాను. దాన్ని ఇవాళే పీకక్కరలేదు కూడా. అటు మూల నాలుగు మూరలు ఉంచేస్తే నాకేం బరువు? ఆమెకు కష్టం కలగకుండా చేస్తున్నానన్న తృప్తితో గడప ముందర కూర్చొని మొదటి మేకు పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నవయ్యా నువ్వు?"

వెనక నిలబడి ఉంది, తలుపు పట్టుకొని, ఆయాసపడుతూ. ఆమె గొంతులో అంత కోపం చాలా ఏళ్లకు విన్నాను. నేను చెప్పబోయాను, నీ ఊరును ఆఖరుకు ఉంచుదామనే అని. సగంలోనే ఆపింది.

"గిట్ల ఎవలన్న పీకుతరా? ఇటు దిక్కు పీకితే బండి అటే పడి ఉంటది. లైను తీసేటప్పుడు అటు కొస కాడ మొదలువెట్టాలె. తీసిన పట్టాలు బండిలనే ఏసుకుంట, ఎనుకకు ఎనుకకు రావాలె. మా బాపు గట్లనే తీసేది."

అటు కొస అంటే నీ ఇల్లే కదా, ముందు దాన్నే పీకాలి కదా, అన్నాను.

"అక్కడ ఎవరున్నరు?" అన్నది. కాసేపు ఊపిరి తీసుకొని, మెల్లగా అన్నది. "బండి మనింటికి రావాలె గద."

ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకొని, బాయి దగ్గర ఒకసారి ఆగి, సీతాఫలం చెట్టు కింద ఇంకోసారి ఆగి, గోడ దాకా నడిపించాను. మట్టి క్వార్టరు ముందర కూర్చుంది. వానకు సున్నం కారిపోయి, ఒక గది అప్పటికే కూలి ఉంది. ఆ అరుగును అరచేత్తో ఒకసారి తుడిచి, పట్టకారు అడిగి తీసుకుంది. తుప్పు పట్టిన మేకు ఆమె బలానికి కదలలేదు. ఆమె చేతి మీద నా చెయ్యి వేసి ఇద్దరం లాగితే వచ్చింది. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. పీకిన పట్టీ డబ్బాలో వేసి, బండిని కాస్త వెనక్కు తోసి, తర్వాతి మేకు పట్టుకున్నాం.

అట్లా పొద్దంతా వచ్చాం. కూర్చోవడం, పీకడం, వేయడం, తోయడం. ఇద్దరికీ చేతకాని పని, మధ్యలో అన్నం కూడా అక్కడే తిన్నాం. చీకటి పడే వేళకు బండి గడప దగ్గరికి వచ్చి నిలబడింది, డబ్బాల నిండా తన పట్టాలతోనే. చివరి పట్టీ దాని చక్రాల కింద నుంచి తీయాలి. నేను అలవాటు కొద్దీ, బండి ఎటు తిప్పి పెట్టాలా అని లేచి నిలబడ్డాను.

ఆమె ఇంజను ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ యాడికి పోయేది లేదు," అన్నది. "కూసో."