మా నాయన యాంబిషన్

ఆ రోజుల్లో మా బిట్రగుంట రైల్వే కాలనీలో చదువుకునే పిల్లలం యాంబిషన్ అనే మాటను స్టూడియోవాళ్లు ఫోటో కోసం ఇచ్చే కోటులాగా వాడేవాళ్లం. అడిగినప్పుడు తొడుక్కోవడం, పని కాగానే విప్పి ఇచ్చెయ్యడం. రైల్వే పరీక్ష రెండుసార్లు తప్పిన నన్ను కావలిలో కోచింగులో చేర్పిస్తే, అక్కడి సారు మొదటి రోజే "నీ యాంబిషన్ ఏందమ్మా?" అని అడిగాడు. (నేను "పాసవడం" అన్నాను. క్లాసంతా నవ్వింది.) ఇంటికొచ్చి చెబితే, రెండేళ్లలో రిటైరవబోయే గ్యాంగ్‌మన్ మా నాయన, "అంటే ఏందిమే?" అన్నాడు. బతుకులో ఏం సాధించాలనుకుంటామో అది, అన్నాను. "అయితే నాకూ ఉండాది. రిటైరయ్యే లోపల పోవాల. సర్వీసులో ఉండంగా పోతే ఉద్యోగం నీకిస్తారు" అన్నాడు, సంతకెళ్లి వంకాయలు తెస్తానన్నంత తేలిగ్గా.

తమాషా అనుకున్నాం. కానీ మర్నాటి నుంచి బీపీ మాత్రలు గూట్లోనే ఉండిపోయాయి, డాక్టరు వద్దన్న ఎండుచేపలు మాత్రం రోజూ కంచంలోకి వచ్చాయి. అమ్మ ఏడ్చింది, తిట్టింది. "గమ్మునుండు, పిల్ల బతుకు కుదురుపడతా ఉంటే" అని అమ్మనే కసిరాడు. నేను పాసయ్యే రకం కాదని అందరికంటే గట్టిగా నమ్మింది ఆయనే మరి. ఆయన తెచ్చిన ఎండుచేపల మూటనల్లా పక్కింటి అత్తవాళ్ల అటకెక్కించాను. మాత్ర పొడిచేసి మజ్జిగలో కలిపాను. ("మజ్జిగ చేదుగా ఉండాదేమే?" "మెంతులు వేసినాం నాయనా.") ఉప్పు డబ్బా చంకన పెట్టుకుని ఇల్లంతా కాపలా తిరిగాను. ఇక పుస్తకం తెరిచిందెప్పుడు? మూడోసారీ తప్పాను.

రిటైర్మెంటు రోజున దండ వేసి, శాలువా కప్పి, ఇంటిదాకా దిగబెట్టి వెళ్లారు. దండ తీయకుండానే నాయన గడప మీద కూలబడి ఏడ్చాడు. "నీకు ఒక్క పనీ చేసిపెట్టలేకపోయినానుమే" అన్నాడు. అత్త అటక మీది మూట దింపించి, ఆ పూట పులుసు పెట్టి, రెండంటే రెండు ముక్కలు వడ్డించాను. కళ్లు తుడుచుకుంటూ తిని, "ఇంకొకటి వెయ్యి" అన్నాడు. వేయలేదు.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. కానీ నన్ను చూసినప్పుడల్లా తల దించుకునేవాడు, అదొక్కటే నాకు బాధ. ఇప్పుడు కావలిలో బట్టల షాపులో బిల్లులు కొడుతున్నాను. కొత్తగా చేరే పిల్లల్ని మా ఓనరు యాంబిషన్ ఏంటని అడుగుతుంటాడు. అప్పుడల్లా ఉప్పు డబ్బాతో తిరిగిన ఆ బక్కపిల్ల గుర్తొచ్చి లోపల నవ్వుకుంటాను. మా కాలనీ మొత్తంలో అనుకున్నది సాధించింది అదొక్కతే.