దిగువమెట్ట మలుపు, నా స్టూలు

మా తమ్ముడు ఓబులయ్య నన్ను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. స్టూలు జరిపినాడు, అంతే.

వాడు రైల్వేలో కీమ్యాన్. సుత్తి భుజాన వేసుకుని గిద్దలూరు, దిగువమెట్ట మధ్య పట్టాల వెంబడి నడిచే ఉద్యోగం. రిటైరై మార్కాపురంలో మా పక్కింట్లో దిగినాక వాడికి పొద్దుపోలేదు. బొమ్మ రైలు తెప్పించినాడు. ముందు గదిలో బల్లలేసి గిద్దలూరు స్టేషను, దిగువమెట్ట మలుపు, అడవి, సొరంగం అన్నీ కట్టినాడు. కొండలకు మా ఊరి పలకరాయి ముక్కలే. అబద్ధం ఎందుకు, బ్రహ్మాండంగా ఉంటది. మా ఆయన పోయినాక సాయంత్రమైతే నాకు ఆ గది తప్ప వేరే దిక్కు లేదు.

అయితే బండి దిగువమెట్ట మలుపు కాడ పడిపోతా ఉండె. పూజ చేసి మొదలుపెట్టిన రోజే పడింది. ఇంజను దాటతది, వెనక పెట్టె ఒరిగి పట్టా దిగతది. ఓబులయ్య చక్రాల ఎడం కొలిచినాడు. రసమట్టం పెట్టి బల్ల చూసినాడు. పెట్టెలు తేలికని లోపల మేకులేసినాడు. చివరికి ఆ మలుపులో పట్టా ముక్కే మార్చి, కొత్తదానికి మళ్లీ పూజ చేసినాడు. మళ్లీ ఆడనే పడింది.

దాంతో బల్ల పక్కనుండే నా స్టూలు గుమ్మం కాడికి వచ్చింది. "ఈడ గాలి బాగొస్తది లే అక్కా" అన్నాడు. కొన్నాళ్లకు వరండాలోకి పోయింది. ఆడ గాలి ఇంకా బాగొస్తదంట. నేనేమన్నా తిక్కదాన్నా? నన్ను చూస్తే మరదలు నాగమల్లేశ్వరి గొంతు తగ్గిస్తది. నేను ఇంటికి పోంగానే ఉప్పు, ఎండుమిరపకాయలు బండి చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తది. మొగుడు పోయిన ఆడదాని కన్ను పడి బండి పడతాందని వాళ్ల అనుమానం. దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదంటారు గదా, గోడ ఇవతల నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అయినా వాళ్ల అనుమానం తీరలేదు. నేను మా ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ బండి పడిన చప్పుడు వినపడేది. అది మాత్రం ఎవురూ లెక్కబెట్టరు.

చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది నేను. నాకు కడుపు మండిపోయింది. నన్ను రానీకుండా చేసేదానికి వాడే పట్టా వదులు చేస్తన్నాడేమో అని నాకూ అనుమానం పుట్టింది.

ఒక శుక్రవారం వాడు బజారుకు పోయినాడు. మరదలు పెరట్లో ఉంది. నేను వరండాలోంచి లేచి లోపలికి పోయి, మలుపులో పట్టా మీద వేలు పెట్టి నడిపినా. పలకల ఫ్యాక్టరీలో పలకలు రుద్ది బతికిన మనిషిని నేను. గరుకు నా కంటికంటే ముందు వేలికి తెలుస్తది. పట్టా లోపలి అంచున గట్టిగా బొడిపె తగిలింది. పసుపు, కుంకుమ. పూజ నాడు మలుపులో ముద్దగా పెట్టిన బొట్టు మీద శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టుకుంటా పోతే ఎండి పెచ్చు కట్టింది. స్విచ్చిబోర్డుకు గూడా బొట్టుండే ఇల్లది, ఇంక పట్టా మీది బొట్టు ఎవురి కంట పడాల?

"ఆడేం చేస్తన్నావు అక్కా?" గుమ్మంలో ఓబులయ్య. దొంగను పట్టుకున్నోని గొంతు.

"నీ బండిని పడేసేదాన్ని పట్టుకుంటన్నా. ఇట్ల వచ్చి వేలు పెట్టు."

పెట్టినాడు. గోటితో గీకితే పెచ్చు ఊడింది. పలక ముక్కతో అంతా గీకేసి, బండి వదిలినాడు. ఇంజను దాటింది. పెట్టెలన్నీ దాని వెనకే సొరంగంలోకి పోయినాయి.

అప్పుడే కుంకుమ భరిణె పట్టుకుని నాగమల్లేశ్వరి వచ్చింది.

"పట్టాలకు ఇంక వద్దు" అన్నాడు ఓబులయ్య.

"మరి దిష్టి..." అని ఆగిపోయింది.

"ఎవురి దిష్టి?" అన్నా నేను.

మరదలు భరిణె మూత పెట్టింది. బండి మాత్రం తిరుగుతానే ఉంది. ఓబులయ్య వరండాలోకి పోయి స్టూలు తెచ్చి, దిగువమెట్ట మలుపు పక్కనే వేసినాడు. పైపంచెతో తుడిచినాడు గూడా.

"కూచో అక్కా."

నేను కూచోలేదు. నిలబడే చూసినా. కాళ్లు పీకేదాకా చూసి, అప్పుడు కూచున్నా.