వీసా ఫోటోలో మాయమైన పుట్టుమచ్చ

ఆఫీసుకి సెలవు పెట్టి ఇవాళ పొద్దున్నే బేగంపేటలో వీసా కౌంటరుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి నా ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసింది. పాస్‌పోర్టులో చెంప మీదున్న పుట్టుమచ్చ ఇందులో లేదు, వేరే ఫోటో తెమ్మని ఫైలు తిప్పి ఇచ్చేసింది.

నేరుగా పద్మారావు నగర్‌లో ఆ ఫోటో తీసిన స్టూడియోకి వెళ్లి, నా మచ్చ ఏమైందని అడిగాను.

"నేనే తీసేసిన మేడమ్," అన్నాడు ఓనరు, నేను మెచ్చుకోవడానికి వచ్చాననుకుని. "రంగు సుత జెర పెంచిన. ఫారిన్ పోతున్నరు గద, మంచిగ కనబడాలె."

ఉన్న ముఖం ఉన్నట్టు ఇవ్వమని దగ్గరుండి ఇంకోటి తీయించుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఈ మచ్చతోనే కాపురం చేస్తున్న మా ఆయన, రెండూ చూసి మొదటిదే బాగుందన్నాడు. ఇక ఆ స్టూడియో ఆయన్ని ఏమనను, మీరే చెప్పండి.