టేపు చుట్టి కూర సంగతి అడిగే ఖాలా

ఖాలా చనిపోయిందన్న కబురు నాకు బస్సులోంచి వచ్చింది. మా అక్క కండక్టర్. జనగామ నుంచి బచ్చన్నపేట పోయే బస్సులో డ్యూటీలో ఉండగానే ఫోన్ చేసి, "చెల్లె, ఖాలా పోయిందే. తెల్లారంగ నిద్రలనే పోయిందట," అంది. వెనకాల ఎవరో సీటు కోసం గొడవ పడుతున్నారు. "జర ఊకోండ్రి, మా ఇంటి మనిషి పోయింది," అని అక్క అనడం వినిపించింది. గొడవ ఆగిపోయింది. నేను మహబూబాబాద్‌లో రైలెక్కాను.

నిజానికి ఖాలా మాకు చుట్టమేమీ కాదు. ఖాలా అంటే పిన్ని. జనగామలో ఆమె దుకాణం మెట్లెక్కిన ఆడవాళ్లందరికీ, ఏ కులమైనా ఏ మతమైనా, ఆమె పిన్నే. ఆమె అమ్మేది బాడీలు, లంగాలు, లోపలి బట్టలు. పోయిన మనిషి గురించి రాస్తూ ఇవేం మాటలని ఎవరైనా మొహం చిట్లిస్తే, వాళ్ల ఇంట్లో దండెం మీద తువ్వాల కింద ఏం ఆరుతున్నదో ఒకసారి చూసి వచ్చి మిగతాది చదవొచ్చు.

మా ఇంట్లో అమ్మకూ అక్కకూ నాకూ ఒకటే సైజు. ఎందుకంటే అమ్మ అడిగేది ఒకటే సైజు. జాకెట్ కొలతే బాడీ కొలత అని ఆమె నమ్మకం. నాకు వెనక పట్టీ మెడ మీదికి ఎగబాకేది. అక్క భుజాల మీద ఎర్రటి గాట్లు పడేవి. మా ఒళ్లే అంత అని సరిపెట్టుకునేవాళ్లం. నేను డిగ్రీలో చేరినప్పుడు అక్క నన్ను ఖాలా దగ్గరికి తీసుకుపోయింది. నేను గొంతు తగ్గించి సైజు చెప్పాను. ఆమె కళ్లద్దాల మీది నుంచి చూసింది.

"గది నీ సైజని ఎవరు జెప్పిండ్రు?"

"మా అమ్మ."

"మీ అమ్మ కొలిచిందా?"

"లేదు."

"మరి?"

ఆమె నన్ను పరదా వెనక్కి తీసుకుపోయి రొమ్ముల కింద టేపు చుట్టింది. నేను ఊపిరి బిగబట్టి, పోలీసు సెలక్షన్లకు వచ్చినట్టు నిలబడ్డాను. "పొద్దుగాల ఏం కూర వండిండ్రు బిడ్డా?" అని అడిగింది. సొరకాయ అన్నాను. ఆ మాటతో ఊపిరి బయటికి వచ్చింది, టేపు ఒంటికి అతుక్కుంది, ఆమె కొలత చూసేసుకుంది. తర్వాత ఎద మీదుగా ఇంకో చుట్టు. ఈ రెండింటికీ నడుమ తేడా ఎంతో దాన్నిబట్టే కప్పు అని చెప్పింది. అమ్మ తెచ్చేవి నాకు చుట్టూ వదులు, కప్పు ఇరుకు. "ఒళ్లు తప్పు గాదు బిడ్డా, కొలత తప్పు," అంది. ఎన్నేళ్లుగానో నా ఒంటిని తిట్టుకుంటూ ఉన్నదాన్ని. ఆ మాటకు పరదా వెనకే కళ్లు తుడుచుకున్నాను.

ఊపిరి బిగబట్టడం అందరూ చేసే పనే. అందుకే కూర సంగతి. అట్లా జనగామలో ఎవరింట్లో ఏం వండారో ఖాలాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒంటికి పట్టగానే ఇచ్చి పంపడం ఆమె దగ్గర లేదు. వేసుకున్నాక పరీక్ష ఉండేది. పత్తి ఏరే మనిషైతే పత్తి ఏరినట్టు వంగాలి, నాట్లేసే మనిషైతే ఇంకా వంగాలి. కప్పులోంచి ఏదీ జారకూడదు. చేతులు రెండూ పైకి లేపితే కింది పట్టీ కదలకూడదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరితే వదులు. "కొత్తది బయటి హుక్కుకే పట్టాలె. సాగినంక లోపలి హుక్కుకు పో. మోసేది కింది పట్టీ, భుజాలు గావు," అనేది.

ఒకసారి నర్మెట్ట నుంచి ఒకాయన భార్య కోసం కొనడానికి వచ్చాడు. సైజు ఎంతంటే రెండు చేతులూ గాలిలో తిప్పి, సిగ్గుపడి దించేశాడు. "చెప్పులు కొననీకి పోతే కాళ్లు ఇంట్ల బెట్టి పోతవా నాయినా? మనిషిని తోల్కరా పో," అంది ఖాలా. అంగడి రోజు తోల్కొచ్చాడు కూడా. భార్య లోపల వంగి లేస్తుంటే ఆయన బయట చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

కొన్నేళ్ల కింద అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. ప్రాణం నిలిచింది, గాయం మానింది, ఇక డ్యూటీకి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అక్క పోలేదు. ఊళ్ల పేర్లు పాటలా అరిచే మనిషి, ఎవరొచ్చినా తువ్వాల ఎదకు అడ్డం పెట్టుకొని తలుపు సందులోంచి మాట్లాడేది. "నిండు బస్సుల ఒకదిక్కు సాపుగ ఎట్ల నిలబడుదునే? నౌకరి ఇడిసిపెడ్త," అంది. ఆ నౌకరి అంటే దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. నేనే పోయి ఖాలాకు చెప్పాను.

ఆమె దుకాణం మూసి, మోకాళ్ల నొప్పులతో, టేపు సంచిలో వేసుకొని మా ఇంటికి వచ్చింది. అయ్యో పాపం అనలేదు. టేపు చుట్టి, "పొద్దుగాల ఏం కూర వండినవ్?" అని అడిగింది. ఖాలా టేపు పట్టుకొని అట్లాగే నిలబడింది. అడిగింది మళ్లీ అడగలేదు. చాలాసేపటికి అక్క, "బీరకాయ," అంది. అంటూనే ఏడ్చింది. ఊపిరంతా వదిలి ఏడ్చింది. ఖాలా కొలత తీసుకొని, "తయారైనంక దుకాణానికి నువ్వే రా. నా మోకాళ్లు మల్ల రావు," అని చెప్పి పోయింది.

అక్క దుకాణానికి వెళ్లింది, తువ్వాల కప్పుకొనే. ఖాలా బాడీ లోపల ఒక సంచీ కుట్టి, అందులో మెత్తటి దూదితిత్తి పెట్టింది. చెయ్యి లేపమంది. బరువు లేని దూది మెడ దగ్గరికి ఎక్కి కూర్చుంది. అక్క అద్దంలో చూసుకొని, ఆపరేషన్ తర్వాత మొదటిసారి నవ్వింది. ఖాలా దూది తీసేసి, రెండు వైపులా సమానంగా దిగేదాకా తిత్తిలో ఆవాలు పోస్తూ పోయింది. దుకాణంలో ఉన్న ఆడవాళ్లను పిలిచి అక్క చుట్టూ నిలబెట్టింది. షట్టర్ దించే కొక్కెం కర్రను ఇద్దరు అడ్డంగా ఎత్తి పట్టుకుంటే, అక్కకు అదే బస్సు రాడ్. "ఇగ డ్రైవర్ బ్రేక్ ఏసిండు," అంటూ వెనక నుంచి మెల్లగా తోసింది. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. తిత్తి కదల్లేదు. "బచ్చన్నపేటకు ఒక టికెట్," అంది ఒకామె. అక్క గొంతెత్తి, "ముందుకు జరుగుండ్రి," అని అరిచింది. ఎప్పుడు జారిందో, తువ్వాల నేల మీదే ఉండిపోయింది. ఆ సోమవారం డ్యూటీలో చేరింది.

మధ్యలో మా అమ్మ ఘనకార్యం ఒకటి. తిత్తి తీయకుండా బాడీతో పాటు నానబెట్టి ఆరేసింది. ముసురు పట్టి ఆరలేదు, మొలకెత్తింది. తీసుకుపోయి చూపిస్తే ఖాలా నవ్వీ నవ్వీ కూలబడింది. "నీకు పంట పండింది పో," అని కొత్త తిత్తులు రెండు కుట్టి ఇచ్చింది.

అప్పటి నుంచి అక్క బస్సు దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా ఖాలా మెట్ల మీదికి వచ్చి చెయ్యి పైకి లేపేది. పట్టీ సరిగా ఉందా అని అడగడం అది. ఉందని అక్క ఫుట్‌బోర్డ్ మీది నుంచి చెయ్యి లేపేది. ఆపమంటున్నదనుకొని మొదట్లో డ్రైవరన్న బ్రేక్ వేసేవాడు. "నేనెక్క, నువ్ పో," అని ఖాలా కసిరేది. తర్వాత ఆయన హారన్ కొట్టి పోవడం నేర్చుకున్నాడు.

ఖాలా మట్టి అయిన రోజు వాళ్లింట్లో ఆడవాళ్లం గోడలకు ఆనుకొని కూర్చున్నాం. అక్క ఏడ్చి ఏడ్చి ఊపిరి తిప్పుకోలేకపోతుంటే ఖాలా కోడలు వచ్చి వీపు నిమిరింది. "అక్కా, పొద్దుగాల ఏం కూర వండినవ్?" అంది. ఆ మాటకు చావింట్లో అందరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం.

మర్నాడు అక్క బస్సులోనే ముందు సీట్లో కూర్చున్నాను. దుకాణం వచ్చింది. షట్టర్ కిందికి దించి ఉంది. అక్క ఫుట్‌బోర్డ్ మీద ఒక చేత్తో రాడ్ పట్టుకొని రెండో చెయ్యి పైకి లేపింది. ఎదకు అడ్డంగా ఏమీ లేదు. డ్రైవరన్న అద్దంలో చూసి, హారన్ కొట్టకుండా బస్సు ఆపాడు. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. ఎందుకాపారని కూడా ఎవరూ అడగలేదు. కాసేపటికి అక్క చెయ్యి దించి, "రైట్," అంది.