అత్తమ్మ తఖతు ఇచ్చి తెచ్చిన సోఫా

“నా తఖతు ఏడికి పోయిందే?”

“ఏడికి పోలే అత్తమ్మా, మార్పిచ్చిన.”

“మార్పిచ్చినవా? ఎవర్నడిగి? బిడ్డ ఇంటికి పోయి జెర నాలుగు దినాలు ఉంటే ఇల్లంత ఉల్టా చేసినవు. ఇంకో వారం ఉంటే నన్ను సుత మార్పిస్తుంటివి!”

“మిమ్మల్ని తీసుకొని బదులు ఏమిస్తరు అత్తమ్మా...” (ఇది నోట్లోనే అనుకున్నాను. కానీ మా అత్తమ్మ చెవులు మామూలువి కావు.)

“విన్న, విన్న. గది తర్వాత చూస్త. ముందుగాల చెప్పు, నా జాగల గీ నీలం బర్రె ఏంది, కాళ్లు ముడుచుకొని పండుకున్నది?”

“బర్రె గాదు అత్తమ్మా, సోఫా. పెద్ద దేవిడీలకెళ్లి వచ్చింది. అసలు మఖ్మల్ బట్ట.”

“పాలిస్తదా?”

మా ఆయన వైపు చూశాను. ఆయన చేతిలోని పేపరును ఇంకాస్త పైకెత్తుకున్నారు. రైలు ఆఫీసులో పనిచేసే మనిషి. ఇంట్లో ఏ గొడవ జరిగినా తాను వేరే ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టే ఉండేవారు.

ఆ రోజుల్లో ఇంటి సామాను మార్చడమనే మాటే ఎవరి నోటా వినపడేది కాదు. మంచం కోడు విరిగితే కోడు మార్చేవాళ్లం, నవారు చీకిపోతే నవారు మార్చేవాళ్లం, మంచాన్నే మార్చాలని ఎవరికీ తోచేది కాదు. ఇప్పుడు సైనిక్‌పురిలో మా మనవరాలు “నానమ్మా, సోఫా ఏడెనిమిదేళ్లకోసారి మార్చాల్నంట, పేపర్ల రాసిండ్రు” అంటుంది. రాసినాయన కొనిచ్చేదుంటే రమ్మని చెప్పు అన్నాను. దాని ఇంట్లో ఉన్న సోఫాకు ఏ రోగమూ లేదు. బట్ట చిరగలేదు, కాలు విరగలేదు. రంగు నచ్చడం లేదట! రంగు నచ్చకపోతే కళ్లు మూసుకుని కూర్చోవాలి, లేకపోతే పాత చీర పరుచుకోవాలి. నా కాపురం మొత్తంలో పెద్ద సామాను మార్చింది ఆ ఒక్కసారే. అది కూడా మా ఇంట్లోది పాతబడి కాదు, ఎదురింట్లోది మాటిమాటికీ కొత్తబడుతుంటే చూడలేక.

మేం అప్పుడు సికింద్రాబాద్‌లో, కార్ఖానా అనే పేటలో ఉండేవాళ్లం. రెండు వరసల పెంకుటిళ్లు, మధ్యలో బండి పట్టేంత సందు. మా ముందుగది తలుపు, ఎదురింటి ముందుగది తలుపు ఎదురెదురుగా ఉండేవి. తలుపులు తీస్తే వాళ్ల ఇంట్లో ఉన్నది మాకు, మా ఇంట్లో ఉన్నది వాళ్లకు కనబడాల్సిందే. మా ముందుగదిలో ఉన్నది అత్తమ్మ తఖతు ఒక్కటే. వెడల్పాటి టేకు బల్ల, నాలుగు లావుపాటి కాళ్లు, పైన ఒక బొంత. అత్తమ్మ దాని మీదే కూర్చుని కూర తరిగేది, దాని మీదే పడుకునేది, దాని మీద నుంచే నన్ను తిట్టేది. చుట్టాలొస్తే అందరూ దాని మీదే కాళ్లు మడుచుకుని కూర్చునేవాళ్లు. పోలీస్ యాక్షన్‌కు ముందు ఊరంతా భయంభయంగా ఉన్నప్పుడు మగవాళ్లు ఆ తఖతునే లేపి తలుపుకు అడ్డం పెట్టారు. సందులో గట్టి తలుపు మాదేనని ఎదురింటి టీచరమ్మ కూడా పిల్లల్ని తీసుకుని మా ఇంటికే వచ్చింది. మిలిటరీ వచ్చిందని, ఇక భయం లేదని తెలిసిన రోజున తఖతును మళ్లీ కింద పెడితే టీచరమ్మ, పిల్లలు దాని మీద పడి పొద్దెక్కేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. నేను మాత్రం కింద చాప మీద పడుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

టీచరమ్మది బందరు వైపు. మిషను బడిలో చిన్నపిల్లలకు చెప్పేది. ఇస్త్రీ చీర, చేతికి గడియారం, మాటకు ముందొక “అండీ”, వెనకొక “అండీ”. మనిషి మంచిదే. మంచిది కాకపోతే నాకు అంత కష్టంగా ఉండేది కాదు, హాయిగా పోట్లాడుకునేదాన్ని.

పోలీస్ యాక్షన్ అయ్యాక కొన్నాళ్లకు దేవిడీలనే పెద్ద పెద్ద ఇళ్లు ఖాళీ కావడం షురూ అయింది. ఊరు విడిచిపోయేవాళ్లు పోతుంటే, ఉన్నవాళ్లలో కొందరు సామాను అమ్ముకుని తింటున్నారు. ఎక్కడ చూసినా హర్రాజులే. అద్దాల బీరువాలు, పాలరాతి బల్లలు వేలంలో అయినకాడికి పోయేవి. సందుల్లో ఎడ్లబండి మీద సోఫాలు ఊరేగేవి. ఆ రోజుల్లోనే ఒకనాడు టీచరమ్మ ముందుగదిలోకి ఎర్ర సోఫా దిగింది. సింహం పంజాల్లాంటి కాళ్లు, వీపు మీద చెక్కిన ద్రాక్షగుత్తులు. నేను పప్పు ఏరుతూ చూశాను. ఏరిన రాళ్లు గిన్నెలో, పప్పు బయట పడ్డాయని తర్వాత తెలిసింది.

సరే, ఉంటే ఉండనీ అనుకున్నాను. రెండు నెలలు కాకముందే ఆ ఎర్రది పోయి పచ్చది వచ్చింది. పచ్చది పోయి బేతు, అంటే పేము, అల్లిన నాజూకు సోఫా, దానికి జత కుర్చీలతో సహా వచ్చింది. మనుషులు చీరలు మార్చినట్టు సోఫాలు మారుస్తుంటే నాకు అన్నం సయించేది కాదు. “ఇగో, జెర వింటున్నరా? బడిల అ ఆలు చెప్పెటోళ్లకు అంత జీతమిస్తరా?” అని మా ఆయన్ని అడిగాను. “నాకేం తెల్వది? పోయి ఆమెనే అడుగు” అన్నారు. అడగడమా? అడిగితే నాకు లేదని ఒప్పుకున్నట్టు కాదా!

అంతకంటే పెద్ద గాయం ఇంకొకటి. టీచరమ్మ నన్ను ఆ సోఫాలో ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. కొత్తిమీర ఇవ్వాలన్న వంకతో వెళ్లేదాన్ని. వెళ్లేముందు నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకునేదాన్ని (కొత్తిమీర ఇవ్వడానికి). నేను గడప దగ్గరికి వచ్చేలోపే ఆమె గబగబా వచ్చి వసారాలో చాప పరిచేది. “ఇక్కడ కూర్చుందామండీ వదినగారూ, గాలి బాగా వస్తుంది.” గాలి! మా ఇంట్లో మాత్రం గాలి లేదా? మా తఖతు మీద పొద్దెక్కేదాకా పడుకున్న మనిషి, నేను కూర్చుంటే తన సోఫా మాసిపోతుందనుకుంటోందని నాకు అర్థమైంది. నేను అర్థం చేసుకున్న తీరు అది. ఆమె పిల్లలు కూడా గచ్చు మీద బోర్లా పడుకుని చదువుకునేవాళ్లు. సొంత పిల్లల్ని కూడా కూర్చోనివ్వదు, ఎంత పిసినారి అనుకున్నాను. నేను ఒకరిని పిసినారి అన్నానంటే ఎంత కోపంలో ఉన్నానో చూడండి.

అత్తమ్మ జనగామలో బిడ్డ దగ్గరికి పోయిన రోజునే నేను మోండా మార్కెట్‌కు పోయాను. కూరగాయల సందు వెనక హర్రాజు మామ దుకాణం ఉండేది. ఆయన వేలంలో సామాను పాడుకొచ్చి, మరమ్మతు చేసి అమ్మేవాడు. దుకాణం అగ్గిపెట్టెంత, సామాను మాత్రం కోటలంత. టీచరమ్మ ఇంటికి సోఫాలు తెచ్చేదీ ఆయన బండే. గడ్డానికి గోరింటాకు, నోట్లో పాన్, మాటలో తేనె.

“మామా, నాకు సోఫా కావాలె. టీచరమ్మ ఇంట్ల ఉన్నదానికంటే మంచిది.”

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. “టీచరమ్మ ఇంట్లదా... సరే బేటీ, ఉన్నది. నీలం మఖ్మల్. కూసుంటే దిగబడతవు. పైసలు తెచ్చినవా?”

“పైసలు యాడియి మామా? మా ఇంట్ల పాత తఖతు ఉన్నది, గది తీస్కో.”

“ఏది, టేకుదా? ఆ లావు కాళ్లదా?” ఆయన పాన్ నమలడం మరిచిపోయాడు. “బేటీ, మీ సాసమ్మ ఒప్పుకున్నదా?”

“ఇంట్ల పెత్తనం నాదే.” (అత్తమ్మ జనగామలో ఉన్నంతవరకు ఇది అబద్ధం కాదు.)

చేతి నుంచి ఒక్క పైసా పోకుండా మఖ్మల్ సోఫా వస్తోంది. ఇంత లాభసాటి బేరం సికింద్రాబాద్‌లో ఎవరూ చేసి ఉండరని పొంగిపోయాను. మర్నాడే బండి వచ్చింది. నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ తఖతును ఎత్తారు. సోఫాను మాత్రం ఇద్దరే అలవోకగా దించారు. దాన్ని బట్టే నాకు తెలియాల్సింది. కానీ నేను సోఫాను తలుపుకు ఎదురుగా పెట్టించి, రెండు తలుపులూ బార్లా తీసి, మధ్యలో కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే టీచరమ్మ బడి నుంచి వచ్చింది. సందు మధ్యలో టక్కున ఆగిపోయింది. ఆమె చూపు నా సోఫా మీద లేదు, బండి మీదకు ఎక్కుతున్న తఖతు మీద ఉంది. సోఫా వైపు చూడలేకపోతోంది పాపం అనుకున్నాను. కడుపు చల్లబడింది. అంత సుఖంగా నేను మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు, లోపల స్ప్రింగు ఒకటి నడుముకు గుచ్చుకుంటున్నా సరే.

ఆ సుఖం అత్తమ్మ వచ్చేవరకే. మొదట చెప్పిన గొడవ ఆమె ఊరి నుంచి దిగిన సాయంత్రమే. పాలిస్తదా అని అడిగాక అత్తమ్మ కొంగు దోపుకుని సోఫాను పరీక్షకు పెట్టింది. కాళ్లు మడుచుకుని కూర్చుంటే మోకాళ్లు బయటికి వచ్చాయి. కాళ్లు కిందికి వదిలితే నేలకు అందలేదు. “నన్ను గూట్ల బొమ్మను చేసినవు గదనే” అంది. వంకాయలు తరగడానికి పళ్లెం పక్కన పెట్టుకుంటే పళ్లెం దొర్లి, కాయలన్నీ గుంటలోకి వచ్చి ఆమె కిందికి చేరాయి. పడుకుంటే తల ఒక చేతి మీద, పాదాలు ఇంకో చేతి మీద, నడుము పాతాళంలో. లేవడానికి మా ఆయన పేపరు పక్కన పెట్టి రావాల్సి వచ్చింది. ఒక చెయ్యి ఆయన, ఒక చెయ్యి నేను పట్టుకుని లాగాం. లేచి నిలబడ్డాక అత్తమ్మ అరవలేదు. అందుకే నాకు భయం వేసింది.

“పెండ్లయి వచ్చిన్నాటి సంది దాని మీదనే పండుకున్న” అంది మెల్లగా. “ఇప్పుడు నేను యాడ పండుకోవాలె?”

మా ఆయన నా వైపు చూశారు. నేను సోఫా వైపు చూశాను. అత్తమ్మ చాప తెచ్చి, సోఫా పక్కనే నేల మీద పరిచి, దానికి వీపు పెట్టి పడుకుంది. పోయి తఖతు వెనక్కి తెస్తానని అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఎదురింటి తలుపు తెరిచే ఉంది. టీచరమ్మ కళ్ల ముందు నా సోఫాను బండెక్కించడమా? నా వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. అత్తమ్మ లేదు, ఆమె ఆకువక్క సంచి లేదు. అలిగి జనగామకు తిరిగిపోయిందనుకున్నాను. పరుగున గుమ్మంలోకి వచ్చాను.

ఎదురింటి ముందుగదిలో బేతు సోఫా లేదు. దాని జాగాలో మా తఖతు ఉంది. తఖతు నడుమ అత్తమ్మ బాసింపట్టు వేసుకుని వక్క కత్తిరిస్తోంది. టీచరమ్మ పిల్లలు ఆమె చుట్టూ దొర్లుతున్నారు. టీచరమ్మ ఒక చివర కూర్చుని జడ అల్లుకుంటోంది, బడికి పొద్దుపోతున్నా తొందర లేకుండా.

నేను వసారా దాకా వెళ్లి నిలబడ్డాను. టీచరమ్మ నన్ను చూసి కాస్త సిగ్గుపడింది.

“ఏమీ అనుకోకండి వదినగారూ. హర్రాజు మామ దుకాణంలో జాగా లేక సోఫాలన్నీ మా గదిలో దాచుకునేవాడండీ. బేరం కుదిరిన రోజున పట్టుకుపోయేవాడు. కూర్చుంటే మాసిపోతాయని షరతు. ఇన్నాళ్లూ కాపలా కాసినందుకు ఏం కావాలమ్మా అన్నాడు. మొన్న బండి మీద మీ బల్ల చూసి, అదే కావాలన్నాను, ఇవాళ తెల్లారకముందే తెచ్చి దించాడండీ. దాని మీద పడుకున్నంత నిద్ర నాకు మళ్లీ పట్టలేదు.”

“మరి నాకు ముందే చెప్పొద్దా టీచరమ్మా, అవి మీవి కావని?”

“మీరు అడగలేదు కదండీ.” జడ చివర చూసుకుంటూ అంది, “అదీగాక... మీరు అలా చూస్తుంటే కాస్త గొప్పగానే ఉండేది లెండి.”

అత్తమ్మ ఆకుకు సున్నం రాస్తూ తలెత్తింది. “ఏందే, గట్ల చెట్టు లెక్క నిలబడ్డవు? ఇంట్లకు రా. కూసో. జాగ ఉన్నది.”

ఆ ముందుగదిలో నన్ను కూర్చోమన్నది అదే మొదటిసారి. లోపలికి వెళ్లాను. మా ఇంటి తఖతు మీద, పరాయి ఇంట్లో, ఒక పక్కగా కూర్చున్నాను. అత్తమ్మ ఆకు మడిచి నా చేతిలో పెట్టింది. నమలుతూ తల తిప్పి ఎదురుగా చూశాను. సందు అవతల ఒక ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల నీలం మఖ్మల్ సోఫా మీద పొద్దుటి ఎండ పడి మెరుస్తోంది. ఎంత బాగుందో! ఆ ఇంటావిడ ఎవరో గానీ, ఆమె అదృష్టం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.