మల్లన్న కోయని పంట

నిన్న ఉదయం ఇక్కడ గల్ఫ్‌లో, అల్ మవాలేలో, నేను పనిచేసే కూరగాయల దుకాణంలో పుదీనా పెట్టె మూత తీశాను. కట్టలు చెమ్మకు మగ్గిపోయి, అడుగున తెల్లగా బూజు పట్టింది. ఆ వాసన తగలగానే చేతులు ఆగిపోయాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏదో ధర అడుగుతున్నాడు, నాకు వినపడలేదు. తోటలో మేమిద్దరం కలిసి ఉన్న ఆఖరి నాలుగు రోజులూ మల్లన్న భయపడింది ఈ వాసనకే.

మల్లన్నది జగిత్యాల దగ్గరి ఊరు. ఖబూరాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక తోటలో మేమిద్దరమే పనివాళ్లం. సైట్ పనిలో నడుము దెబ్బతిని అక్కడికి చేరిన నాకు పార పట్టడం కూడా రాదు. నీళ్లు పెట్టడం, మట్టిని వేళ్లతో నలిపి చూడడం, గాలి మారడం కనిపెట్టడం, అన్నీ ఆయనే నేర్పాడు. రూమ్‌లో బీడీ ముట్టిస్తే బయటికి పొమ్మనేవాడు. ఒకసారి అర్బాబు, అంటే తోట యజమాని, చుట్టాల కోసం నిమ్మకాయలు వెంటనే కోయమన్నాడు. మల్లన్న ఒక కాయను గోటితో గీరి ఆయన ముక్కు దగ్గర పెట్టి, వారం ఆగాలని హిందీలో చెప్పాడు. అర్బాబు మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. "పచ్చిగ కోస్తే ఇన్నొద్దులు పెట్టిన నీళ్లు దండుగ, తమ్మీ" అన్నాడు నాతో.

ఎండలు తగ్గుతున్న అక్టోబరులో ఒకనాడు పైపు పగిలి, నీళ్లు ఎటు పోతున్నాయో చూడడానికి పశువుల జొన్న మడిలోకి వెళ్లాను. నడిమధ్యలో జొన్న లేదు. నా కంటే ఎత్తున పదకొండు మొక్కలున్నాయి. ఆకు చూడగానే గుర్తుపట్టాను. గంజాయి. ఈ దేశంలో దానికి ఎంత శిక్ష పడుతుందో పనివాళ్లుండే ప్రతి క్యాంపులో అందరికీ తెలుసు. అక్కడి నుంచి బయటపడదామని తిరిగాను. వెనక మల్లన్న నిలబడి ఉన్నాడు.

"ఎవరు పెట్టిన్రన్నా?"

"నేనే."

"నువ్వా?"

"ఒకాయన గింజలిచ్చిండు. మొలుస్తయో లేదో సూద్దామనుకున్న. మొలిచినయి. పంట ఇస్తనని మాటిచ్చిన."

"ఇయ్యాలనే పీకి కాలవెడదాం. దండం పెడ్త."

ఆయన నా వైపు చూడలేదు. ఒక కొమ్మను వంచి పూతను పరీక్షించాడు, నిమ్మకాయను చూసినంత శ్రద్ధగా. "ఇంకా పక్వానికి రాలే. కని సముద్రం గాలి తిరిగింది, మబ్బులు పడుతున్నయి. తడిస్తే బూజు పడ్తది. నాలుగొద్దులు సూసి కోస్త." నాకు అన్నిటికంటే ఎక్కువ దిగ్భ్రాంతి కలిగించింది ఆ గొంతు. అందులో భయం లేదు. నాకు వ్యవసాయం నేర్పిన గొంతే అది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా కొడవలి తీసుకుని వెళ్లాను. ఒక కాండం పట్టుకున్నాను కూడా. కోయలేకపోయాను. తిరిగి వచ్చేశాను.

నాలుగో రోజు తెల్లవారుతుండగా వాన మొదలైంది. కొండల నుంచి వాగు పొంగి, కంచెను, జొన్న మడిని నేలమట్టం చేసి పోయింది. వాన తెరిపి ఇచ్చాక అర్బాబు నష్టం చూడడానికి ఇద్దరు అధికారులను వెంటబెట్టుకుని వచ్చాడు. పడిపోయిన జొన్న మధ్య ఆ మొక్కలు మాత్రం ఒరిగి నిలబడి ఉన్నాయి. అర్బాబు ముఖం పాలిపోయింది. పదేళ్లుగా ఇంటి తాళాలు ఇచ్చి నమ్మిన మనిషి వైపు ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు.

"నేనే పెట్టాను" అన్నాడు మల్లన్న హిందీలో. ఒక అధికారి నా వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మల్లన్న అందుకున్నాడు: "వాడు నిమ్మతోట దాటి ఇటు రాడు." ఆయన నోట అబద్ధం నేను విన్నది ఆ ఒక్కసారే. నేను తల దించుకున్నాను. పోలీసులు వచ్చి ఆయనను జీపు ఎక్కించారు.

శిక్ష పడింది. ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. కిందటి నెల ఊరి నుంచి రాజవ్వ వదిన, మల్లన్న భార్య, ఫోన్ చేసింది.

"నువ్వు ఆన్నే ఉంటివి కదా తమ్మీ. నీకు ముందుగాల ఎరుకేనా?"

ఇన్నేళ్లూ ఎవరు అడిగినా తెలియదనే చెప్పాను. ఆమెతో ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎరుకే వదినా. నాలుగొద్దుల ముందే."

ఫోన్ పెట్టేసిందనుకున్నాను.

"మరి నువ్వైన పీకెయ్యకపోతివా?" అంది. తిట్టినట్టు లేదు, అడిగింది అంతే.

భయపడ్డానని చెప్పనా? ఆయన పంట మీద చెయ్యి వేయడానికి మనసొప్పలేదని చెప్పనా? ఇప్పటికీ ఆమెకు జవాబు బాకీ ఉన్నాను.